నన్నే అడిగిన డాక్టరమ్మ

మొన్న నందిపేట్ నుంచి ఆర్మూర్‌కు ఆటోలో వస్తుంటే, చేలల్లో పసుపు ఉడుకుతున్న వాసన గుప్పున తగిలింది. పక్కన కూర్చున్నవాళ్లు ధర ఎంత పలుకుతుందోనని మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం సరళ డాక్టరమ్మ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. పసుపుకూ, పిల్లల మానసిక వైద్యురాలికీ ఏం సంబంధమని మీరు అడగవచ్చు. మా ఇంట్లో ఉంది మరి.

చిన్నప్పుడు నేను కాలుగాలిన పిల్లిని. బడిలో సగం చేసిన లెక్కలు, ఇంట్లో సగం తిన్న కంచాలు. నీళ్లు తెమ్మని బిందె ఇస్తే, దారిలో కుక్కపిల్లతో ఆడుకుని బిందె కూడా లేకుండా తిరిగొచ్చేదాన్ని. అమ్మ చేతిలో నా వీపు విమానం మోత మోగేది. ఏడో తరగతిలో ఇక బడి మాన్పించేద్దామన్నాడు నాన్న. అమ్మకు మనసొప్పక నన్ను ఆర్మూర్‌లో డాక్టరమ్మకు చూపించింది.

ఆమె నన్ను గుండ్రంగా తిరిగే స్టూలు మీద కూర్చోబెట్టి, తిరిగినంతసేపు తిరగనిచ్చారు. బరువు, బీపీ చూశారు. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అడిగారు. మా టీచరుతో మాట్లాడాకే, రెండోసారి వెళ్లినప్పుడు మందు రాశారు.

"ఇది మత్తు గోలి కాదమ్మా. మనసు ఒక్కకాడ నిలుస్తది. పొద్దుగాల బువ్వ తిన్నంక ఒక్కటెయ్యి" అన్నారు.

అంతలో పసుపు ఉడకబెట్టే రోజులొచ్చాయి. తెల్లారకముందే అందరం చేనుకు పోయేవాళ్లం. అమ్మ ఉత్త చాయతో నాకు గోలి వేసి, బువ్వ చేనుకాడ తినొచ్చులే అనేది. ఆ మందుకు ఆకలి తగ్గుతుందని మాకు తెలియదు. మధ్యాహ్నం సద్ది ముట్టబుద్ధయ్యేది కాదు. నా బుగ్గలు పీక్కుపోయాయి. గోలి పిల్ల రక్తం తాగుతోందని మేనత్త తేల్చేసింది. నాన్న మమ్మల్ని వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్లి, గోలీలు బల్ల మీద పెట్టాడు.

"గివి మాకొద్దు మేడం. బడి గూడ వద్దు. పిల్ల ఎండిపోతున్నది."

డాక్టరమ్మ కోప్పడలేదు. నా బరువు చూసి, ఎప్పుడు ఏం తింటున్నానో అడిగి తెలుసుకున్నారు.

"తప్పు నాది గూడ ఉన్నదన్నా. పసుపు దినాలల్ల మీ ఇంట్ల ఎప్పుడు తింటరో నేను అడగలే. మందు తగ్గిస్త. ఆపుదామంటే ఆపుదాం. గని ఏస్కునేది పిల్ల కదా, జర ఆమెనడుగుదాం" అని నా వైపు తిరిగారు. "గోలి ఏస్కుంటే నీకెట్లుంటది బిడ్డా?"

అప్పటిదాకా నా గురించి అందరూ చెప్పినవాళ్లే, నన్ను అడిగినవాళ్లు లేరు. తిరుగుతున్న స్టూలు ఆపాను.

"అమ్మ చెప్పేది ఆఖరుదాంక వినబడుతది" అన్నాను.

అమ్మ ముఖం పాలిపోయింది. "అంటే ఇన్నొద్దులు నీకు వినబడకపోతుండెనా? నేను ఊకెనే కొడితినా బిడ్డా?" అంటూ నా వీపు నిమిరింది. నాన్న బల్ల మీది గోలీలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంట్ల పొయ్యి జల్ది ముట్టిస్తం మేడం. బువ్వ తిన్నంకనే గోలి ఏస్తం" అన్నాడు.

బడి మానలేదు. నేను ఇంటర్ చదివేటప్పుడు, ఇక అవసరం లేదని డాక్టరమ్మే మందు ఆపేశారు. ఆమె పోయి చాలాకాలమైంది. ఆ రోజు తర్వాత అమ్మ నన్ను ఒక్క దెబ్బ వేయలేదు. ఏదైనా చెప్పాలంటే చేస్తున్న పని ఆపి, నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంటుంది. నాకిద్దరు పిల్లలు పుట్టాక కూడా అదే అలవాటు. ఆ చెయ్యి తగిలినప్పుడల్లా డాక్టరమ్మకు మనసులోనే దండం పెట్టుకుంటాను.