తలుపు పక్క సీటు

విమానం తలుపులు మూశాక, అది కదిలే ముందు, కొన్ని నిమిషాలు లోపల ఒక వింత నిశ్శబ్దం ఉంటుంది. ఏసీలోంచి తెల్లటి ఆవిరి పొగమంచులా దిగుతుంది. పొద్దుటి ఎండ కిటికీల్లోంచి వచ్చి మనుషుల ఒళ్ళో పడుకుంటుంది. ఎనిమిదేళ్ళుగా ఎయిర్‌హోస్టెస్‌గా చేస్తున్నా, ఆ కాసేపు నాకిప్పటికీ సగం కలలో ఉన్నట్టే ఉంటుంది. మా పనిలో అసలు నిర్ణయాలు మాత్రం ఆ కాసేపట్లోనే తీసుకోవాలి.

ఆ రోజు విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్ళే విమానంలో నాకు డ్యూటీ. అందులోనే మా నాన్న, హైదరాబాద్‌లో నా దగ్గర కొన్నాళ్ళు ఉండడానికి వస్తున్నాడు. మాది శ్రీకాకుళం తీరంలో చేపలవేట మీద బతికే ఇల్లు. అరవై దగ్గరపడినా నాన్న రోజూ సముద్రం మీదకు వెళుతున్నాడు గానీ విమానం ఎక్కడం అదే మొదలు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. కాళ్ళు చాపుకోవడానికి బాగుంటుందని కౌంటర్లో ఉన్న స్నేహితురాలిని బతిమాలి, రెక్క దగ్గర అత్యవసర తలుపు పక్క సీటు ఇప్పించాను. మహా తెలివైనదాన్ని అనుకున్నాను.

ఎచ్చెర్లలో బస్సెక్కింది మొదలు నాన్న దారిపొడుగునా తన ప్రయాణం గురించి చెబుతూనే వచ్చాడట. విమానంలో పక్క సీటాయనను కూడా వదల్లేదు. "మా పాప నాకు తలుపు అప్పజెప్పినాది," అన్నాడు. నాకు సిగ్గూ ముద్దూ రెండూ వచ్చాయి.

ఆ సీటుకో నియమం ఉంది. ప్రమాదం వస్తే అక్కడ కూర్చున్నవాళ్ళే ఆ బరువైన తలుపు తీసి బయటికి తోయాలి. తీయగలరా అని మేం అడగాలి, వాళ్ళు నోటితో ఒప్పుకోవాలి. నాన్నను మా యాసలోనే అడిగాను. తీస్తానన్నాడు, తీయలేననుకున్నావా అని ఎదురు అడిగాడు. నియమం ప్రకారం నా పని అయిపోయినట్టే. వెనకనుంచి మా సీనియర్, అంతా సరేనా అన్నట్టు చెయ్యి ఊపింది.

అప్పుడే నాన్న బెల్టు పెట్టుకున్నాడు, ఎడమచేత్తో తడుముకుంటూ. కుడిచెయ్యి ఒళ్ళో ఊరికే పడి ఉంది. అంతకుముందు ఎయిర్‌పోర్టు బయట కూడా నీళ్ళసీసా నా చేతికిచ్చి మూత తియ్యమన్నాడు. అప్పుడది గారాబం అనుకున్నాను.

నేను సీనియర్‌కు తల ఊపలేదు. ఎందుకో ఆ క్షణంలో విమానమంతా కాస్త దూరం జరిగి, మా ఊరి ఇసుక కనిపించింది. చిన్నప్పుడు అమ్మా నేనూ ఒడ్డున నిలబడి బోటు కోసం చూసేవాళ్ళం. కెరటాలు విరిగే చోట నాన్నే ముందు దూకేవాడు. బోటు అడ్డం తిరగకుండా ముందు తాడు ఆయనే పట్టాలి. అది జారితే బోటు బోల్తా. అందుకే ఆ తాడు అందరికీ ఇవ్వరు. ఊళ్ళో నాన్న పరువంతా ఆ చేతిలోనే ఉంది.

ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా అన్నాను: "నాన్నా, కుడిసెయ్యి ఇలాగియ్యి. నా ఏళ్ళు గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాడు. రెండు వేళ్ళు అసలు ముడుచుకోలేదు.

"అందరూ సూస్తన్నారే," అన్నాడు.

"ఇక్కడ నువ్వు కూకోకూడదు నాన్నా."

సీనియర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె వెనకనుంచి ఒక కుర్రాయన్ని ఒప్పించి అక్కడికి తెచ్చింది. నాన్న ఎవరినీ చూడకుండా నడిచి వెళ్ళి, ఆ కుర్రాయన ఖాళీ చేసిన మధ్య సీట్లో ఇరుక్కున్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. నేను ఆ సీటు అడక్కపోతే ఈ అవమానం ఉండేదే కాదు. విమానం లేచి ఒరిగినప్పుడు కిటికీల నిండా సముద్రం వచ్చింది, నీలంగా, నిద్రలో ఉన్నట్టు. అందరూ అటే చూశారు. నాన్న చూడలేదు.

బెల్టు లైటు ఆరాక దగ్గరికి వెళ్తే ఆయనే చెప్పాడు. వేళ్ళు చచ్చుబడి ఏడాది అయిందట. బోటులో మిగతా నలుగురికీ తెలియదట. మరి తాడెలా పడుతున్నావంటే, మణికట్టుకు చుట్టుకుంటున్నానన్నాడు. కెరటం బోటును లాగితే ఆ తాడు ఆయన్నీ లాక్కుపోతుంది.

"ఆళ్ళు అడగలేదు, నాను సెప్పలేదు," అన్నాడు.

హైదరాబాద్‌లో డాక్టరుకు చూపిస్తే, నరం దెబ్బతిందని, ఇక పట్టు రాదని తేల్చేశాడు. బోటు సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. సీట్లోంచి ఒకసారి లేపినదాన్ని, బోట్లోంచి రెండోసారి లేపలేకపోయాను. నాలుగు రోజులుండి ఆయన ఊరెళ్ళిపోయాడు.

రెండు రోజుల తరువాత పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది.

"నిన్న మీ నాన్న బోటోళ్ళకి సెయ్యి సూపించి అంతా సెప్పేసినాడే. ఈయాల ఆళ్ళతో కలిసి బోటు తోసినాడు గానీ ఎక్కలేదు. బోటు కనపడకుండా ఎలిపోనాది. ఆయన ఇంకా ఆ నీళ్ళలోనే నిలబడున్నాడు."