ఫాగ్ లైట్లకు వేరే స్విచ్

గల్ఫ్‌లో చలికాలం పొద్దున్నే బర్కా నుంచి రూవికి డ్యూటీకి బయలుదేరితే తోటల దారంతా పొగమంచు ఉండేది. హెడ్‌లైట్లు వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టుండేది. బంపర్ కింద ఉండే ఫాగ్ లైట్లు మాత్రమే వేద్దామంటే, నా కారులో అవి హెడ్‌లైట్లతో కలిసి తప్ప వెలిగేవి కావు. వాటిని విడదీయమని బర్కాలో షాపు పెట్టుకున్న కడప ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను.

హెడ్‌లైట్ నుంచి వచ్చే వైరు తప్పించి, పార్కింగ్ లైటు నుంచి కొత్త వైరు లాగి, వేరే స్విచ్ పెట్టడానికి అతనికి అరగంట పట్టింది. ఆ తర్వాత కారును గోడకు ఎదురుగా నిలిపించి, మోకాళ్ల మీద కూర్చుని ఫాగ్ లైట్లను కిందికి వంచడం మొదలుపెట్టాడు. కాస్త వంచుతాడు, వెళ్లి గోడ మీద వెలుతురు చూస్తాడు, వచ్చి మళ్లీ వంచుతాడు. గంట గడిచింది. నాకు ఒళ్లు మండింది.

"వెలుగుతున్నాయి కదయ్యా, ఇంకా ఏం చేస్తున్నావు?"

"వెలిగితే సాలదన్నా. తోటలకు పొయ్యేటోళ్ల సైకిళ్లకు లైట్లుండవు. ముందు నేనూ తోటలో పనిజేసినోణ్ణే. యెలుతురు చక్రాల మీద పడాల, కండ్లల్లో గాదు" అన్నాడు, తల ఎత్తకుండానే.

మర్నాడు మంచులో హెడ్‌లైట్లు ఆపి కొత్త స్విచ్ నొక్కాను. రోడ్డు అంచు కనిపించింది. కాసేపటికి దాని మీద ఎదురుగా వస్తున్న సైకిల్ చక్రం, తొక్కుతున్న రెండు చెప్పులు కనిపించాయి. కారు నెమ్మది చేసి పక్కకు తీశాను. ఆ సైకిలు మనిషి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, నన్ను దాటి వెళ్లిపోయాడు.