తాత గొంతు ఎంతసేపట్ల చేరింది

నేను చెప్పినట్లే రాయి బిడ్డా. మీ బడిల నేర్పినట్లు దిద్దకు. "పోయిండు" అంటే "పోయిండు" అనే రాయాలె. "వెళ్ళాడు" అని రాసినవనుకో, అది నేను చెప్పింది గాదు, ఇంకెవరో చెప్పినట్లయితది.

మీ అమ్మ ఏం కొలువు చేస్తదో మా ఊర్ల ఎవ్వలికీ తెల్వది. మొన్న మా చెల్లె ఫోన్ల అడిగింది, "అక్కా, దుబాయిల నీ బిడ్డ ఏం పని చేస్తదే?" అని. ఇది దుబాయ్ గాదు, ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అంత దుబాయే. నేనన్న, "కంప్యూటర్ల ఒక ఫైలు తీసుకొని ఓ కాడికెళ్లి ఇంకో కాడికి అంపుతది. అది ఎంతసేపట్ల చేరిందో చూసి రాసుకుంటది."

"అంటే పోస్టాఫీసా?"

"పోస్టాఫీసయితే చేరితే అయిపాయె. ఇది చేరినంక చెరిపేస్తది. మళ్ల అదే అంపుతది."

"మరి దానికి జీతమిస్తరా?" అన్నది.

ఇస్తరు. రెండాఫీసుల నడుమ లైన్ ఏసుకుంటరు గదా కంపెనీలోళ్లు. ఆ లైన్ అమ్మినోడు చెప్పినంత జోరుగ పోతుందా, లేకుంటే మాటలేనా అని చూసేది మీ అమ్మ పని. దానికో టూల్ ఉన్నది. బటన్ ఒత్తంగనే తెర మీద పచ్చగీత మొదలయితది. ఎడమకెళ్లి కుడికి పాకుతది. నిండంగనే పక్కకు ఒక అంకె వడ్తది. ఆ అంకె కోసమే ఈ కొట్లాటంత.

ఇదంత ఆఫీసుల చేస్తుండె. ఈసారి అల్ తుమామాల మన ఇంట్లకెళ్లే చేసింది, హాల్ల డైనింగ్ టేబుల్ మీద. ఇంట్ల కూసోని డ్యూటీ చేసెటోళ్లకు ఆఫీసు ఫైలు ఎంతసేపట్ల అందుతదో చూడాల్నంట. నేను కింద కూసోని పుంటికూర తెంపుకుంట అడిగిన, "ఏమంపుతున్నవే?"

"ఖాళీ ఫైలమ్మ. అండ్ల ఏం లేదు."

"ఏం లేనిదాన్ని అంపి ఏం చూస్తవే?"

"ఎంతసేపట్ల పోతదో చూస్త."

"ఏం లేనిది జల్దినే పోతది గదనే. దానికేం బరువున్నది?"

మీ అమ్మ నవ్వింది. తెల్లారి అవతలి ఆఫీసుల ఉండే హైదరాబాదు పిలగాడు ఫోన్ చేసిండు. మీ అమ్మతోని పనిచేస్తడు, ఉర్దూ తెలుగు కలిపి మాట్లాడ్తడు. "మేడం, ఇంత జల్ది ఎట్లొచ్చింది? ఖాళీది భేజిన్రు గదా? నిండుది పంపున్రి, సహీ టైం వస్తది" అన్నడు. అప్పుడు మీ అమ్మ మొఖం చూడాలె. కూర తెంపుకుంట కూసున్న.

అసలు సంగతేందంటే ఆ లైనుకు రెండు పక్కల రెండు డబ్బలుంటయంట. ఖాళీ గోనెసంచిని మనం మడిచి చంకల పెట్టుకోమా, గట్ల ఆ డబ్బ ఖాళీ ఫైలును మడిచేసి అంపుతది. మడత వడనిది కావాలె. మీ అమ్మ కంప్యూటరంత దేవులాడింది. పాత క్యాసెట్టుల "సర్ర్" అని ఒక చప్పుడుంటది సూడు, దాన్ని ఏ మిషినీ మడవలేదంట. ఒక్క సర్రు ఇంకో సర్రు తీరు ఉండదంట. గసుంటి ఫైలు మన ఇంట్ల ఒక్కటే ఉండె. మీ తాతది.

ఆ క్యాసెట్టు గురించి నీకు సగం సగమే తెలుసు. ఇప్పుడు మొత్తం చెప్త, రాసుకో.

మీ తాత ఇదే ఖతర్ల బిల్డింగు పనికి వచ్చిండు. ఉమ్ ఘువైలినాల ఒక రూమ్‌ల ఉంటుండె. రూమంటే ఒక్కనిది గాదు, మంచం మీద మంచం. మా ఇండ్లల్ల ఫోన్లు ఎక్కడియి అప్పుడు? నాకు చదువుడే రాకపాయె, ఇగ ఉత్తరమేం చేసుకోను. అందుకని మాట్లాడి క్యాసెట్టుల నింపి, ఛుట్టీ మీద ఊరికొచ్చెటోని చేతికిస్తుండె. అది ఇంటికొచ్చిందంటే నేనొక్కదాన్నే ఇనెటట్టు లేదు. మా అత్త, మామ, బావ, వాడకట్టోళ్లు అందరు టేపు సుట్టు కూసుంటరు. అందుకే ముందుగాల వరుసలు వెట్టి అందరికి దండాలు చెప్తుండె. ఎవ్వల పేరు మర్చిపోయినా ఏడాది అలిగెటోళ్లు. నాకు చెప్పాల్సిన ముచ్చట మాత్రం రెండో పక్క, ఆఖర్ల వెడ్తుండె. అప్పటికి అందరు ఇని ఇని లేచి పోతరు గదా. అది మాకు మాట్లాడుకోకుంటనే కుదిరిన ఒప్పందం.

ఆఖరి క్యాసెట్టు మా పక్కూరాయన చేతికిచ్చిండు. ఆయన బొంబాయిల దిగి, ఆడ్నే అత్తగారింట్ల ఆగిండు. ఈలోపు ఇక్కడ మీ తాత డ్యూటీ చేసొచ్చి పండుకున్నోడు లేవలే. కంపెనోళ్లు విమానంల పంపిన్రు. పెట్టె వచ్చింది, దినాలయినయి, ఇల్లు కడిగిన్రు. అన్ని అయినంక ఒక పొద్దుగాల పక్కూరాయన సైకిల్ మీద వచ్చిండు. వానికేం తెల్వది. నవ్వుకుంట వచ్చి, సంచిల చెయ్యి పెట్టి, "వదినె, అన్న అంపిండు" అని క్యాసెట్టు తీసిండు. తర్వాత నా మొఖం చూసిండు, నుదురు చూసిండు. ఆ క్యాసెట్టును నా చేతుల పెట్టాల్నో, మళ్ల సంచిల వెట్టుకోవాల్నో తెల్వక అట్లనే నిలవడ్డడు.

మనిషి ముందుగాల చేరిండు. మాట ఎనుకకు చేరింది. గట్ల జరిగింది మా ఇంట్ల.

చాన రోజులు అది ఆడియ్యలే. తర్వాత ఆడిచ్చుడు మొదలువెట్టినంక అరిగేదాక ఆడిచ్చిన. నేను ఇక్కడికొచ్చేటప్పుడు గుడ్డల సుట్టి తెచ్చిన. మీ అమ్మ ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే వాడకట్టుల రేడియోలు బాగుచేసే ముసలాయన తానికి తీస్కపోయింది. ఆయన దాన్ని కంప్యూటర్ల ఎక్కిచ్చిండు. ఎక్కుడు అయిపోంగనే టేపు తెగి లోపల్నే సుట్టుకున్నది. "అమ్మా, ఇగ ఇది ఖలాస్, మంచిగ ఎక్కింది గదా, చాలు" అన్నడు. అప్పటిసంది శుక్రారం శుక్రారం తిన్నంక మీ అమ్మ తన కంప్యూటర్ల పెడ్తది, ఇద్దరం కూసోని ఇంటం.

సరే, ఆ ఫైలునే మీ అమ్మ అంపుడు మొదలువెట్టింది.

"అది మీ బాపు కాదే?" అన్న.

"ఊకె పోయొస్తడమ్మ. అటు పోయేది కాపీ. అసలుది ఈడ్నే ఉంటది."

"పోయినంక ఆడ ఎవలన్న ఇంటరా?"

"ఎవలింటరమ్మ? చేరంగనే చెరిగిపోతది. లేకుంటే ఆడంత నిండిపోతది గద."

అంటే ఆయన పోతుండు, చేరుతుండు, చేరినోన్ని చెరిపేస్తున్నరు. మళ్ల పోతుండు. ఇంటికొచ్చినోనికి కాళ్లకు నీళ్లిస్తం, కూసో అంటం. అది లేదు. నేను కూరాకు చేతుల వట్టుకొని ఆ పచ్చగీతనే చూస్తుంటి. "సగం కాడ ఉన్నప్పుడు మీ బాపు ఏడుంటడే?" అని అడిగిన. మీ అమ్మ తలకాయ ఎత్తకుంటనే అన్నది, "ఈడ మొత్తం ఉంటడు. ఆడ సగం ఉంటడు." ఆ మాట అన్నంక దానికి కూడ ఎట్లనో అయినట్లుంది, లేచి పోయి నీళ్లు తాగొచ్చింది.

రెండో దినం అంకెలు మారినయి. మొదటిసారి మెల్లగ పోయిన ఫైలు తర్వాత తర్వాత ఉరికినట్లు పోవట్టింది. ముందుగాల మీ అమ్మ సంబురపడ్డది. తర్వాత దానికి అనుమానమొచ్చింది. హైదరాబాదు పిలగాన్ని అడిగితే, "డబ్బాకు యాదైపోయింది మేడం. అదే ఫైలు మళ్ల మళ్ల వస్తే ముక్కలు ముక్కలు దాచిపెట్టుకుంటది. ఇగ మీ పక్క డబ్బ అంత పంపదు, ‘అదే’ అని చెప్తది, మా పక్క డబ్బ తన కాడున్న ముక్కలు తీసి ఇస్తది" అన్నడు. మీ అమ్మ తల వట్టుకున్నది. అంకెలన్ని అబద్ధమేనాయె. నాకు మాత్రం ఇంకోటి తట్టింది. ఆయన మాట ఇననోళ్ల నడుమ, ఆఫీసు అల్మారిల ఒక డబ్బకు ఆయన యాదికున్నడు.

ఇగ అసలు పని గప్పుడే చెడ్డది. అటుకెళ్లి ఇటు కూడ చూడాలె గదా. మీ అమ్మ దిక్కు మార్చింది. ఈసారి ఒక కాపీ ఆడ చెరపకుంట ఉంచి, ఆఫీసుకెళ్లి ఫైలు మన ఇంటికొచ్చేటట్టు పెట్టింది. దిక్కు మార్చింది గని, చేరిన కాడ చెరిపేయమని టూల్ల రాసి వెట్టిన మాట మార్చలే. ఇప్పుడు చేరే కాడ అంటే మన ఇల్లే. వచ్చిన ఫైలు అదే పేరుతోని అసలుదాన్ని తుడిచి దాని జాగల కూసున్నది. చేరింది, అంకె వడ్డది, చెరిగింది. అంతే. మీ అమ్మ అంకె రాసుకున్నది, ఆ పిలగానికి ఫోన్ చేసి "అయిపోయింది, అటు పక్కది అంత తుడిచెయ్" అన్నది. వాడు మంచోడు, చెప్పంగనే తుడిచేసిండు.

శుక్రారం తిన్నంక నేను చేతులు కడుక్కొని వచ్చి కూసున్న. మీ అమ్మ కంప్యూటర్ తెరిచింది. శానసేపు ఏందో దేవులాడింది. "ఈయాల చార్జింగ్ లేదమ్మ" అన్నది. వైరు గోడకు పెట్టే ఉన్నది. నేను చూసిన, అది కూడ చూసింది.

"చెప్పు" అన్న.

"అమ్మ, బాపు పోయిండు" అన్నది.

అంత పెద్ద ఇంజనీరు, దానికి ఇంకో మాట దొరకలే. చిన్నప్పుడు మా అత్త దానికి ఏం చెప్పిందో అదే చెప్పింది. నేను తిట్టలే. ఏమని తిట్టాలె? "వేరే కాడ లేదా?" అన్న. పాత ఫోన్ల ఉండెనంట, ఆ ఫోన్ ఎప్పుడో ఇచ్చేసిందంట. రేడియో ముసలాయన కొట్టు తీసేసి వాళ్ల దేశం పోయిండంట. తెగిన టేపును నేనే పారేసిన, ఎక్కింది గదా అని.

"మరి ఆ డబ్బ? దానికి యాదుంటదంటివి."

మీ అమ్మ అప్పుడే ఆ పిలగానికి ఫోన్ చేసింది. ఫైలు తుడిచిండు గని, డబ్బను ఇంక కడగలేదంట. నా పానం లేచొచ్చింది. ఫోన్ నేనే తీసుకున్న. "బిడ్డా, అండ్లకెళ్లి తీసియ్యరాదు" అన్న. వాడు ఎంత మెల్లగ చెప్పిండో. "అమ్మా, దానికి ముక్కలే తెలుసు. ఏ ముక్క ఎనుక ఏ ముక్కనో దానికి తెల్వది. మీరు అదే ఫైలు తెచ్చి చూపిస్తే గుర్తుపడ్తది. అడిగితే మాత్రం చెప్పలేదు."

"అయితే కడగకు" అన్న.

"కడగను అమ్మా. కాని కొత్తవి వస్తుంటే పాతవి వాటంతట అవే పోతయి."

ఇప్పటికి ఎన్ని పోయినయో.

అందుకే నిన్ను కూసోవెట్టుకున్న. నాకున్న ముక్కలు పోకముందే వరుసల పెడ్దామని. మొదట మా అత్తకు దండం, మామకు దండం, బావకు, తర్వాత వాడకట్టోళ్లకు. బర్రె ఈనిందా అని అడుగుతడు. అడిగినంక జరసేపు ఆగుతడు, మేం జవాబు చెప్పాలని. అందరం ఒక్కసారి "ఈనింది" అంటుంటిమి టేపుకు. బాయిల నీళ్లెట్లున్నయంటడు. ఎనుకకెళ్లి ఎవలో "యల్లా భాయ్, ఖానా" అని తిండికి పిలుస్తరు. వస్తున్న అంటడు, రాడు. పిల్లను ఎండల తిప్పకు అంటడు, అది మీ అమ్మ ముచ్చట. రాత్రిపూట తలుపు గొళ్లెం మంచిగ పెట్టుకో అంటడు. తర్వాత ఒక్కసారి ఊపిరి తీసుకొని, "ఇగో, ఇంటున్నవా?" అంటడు. గక్కడ అయిపోతది.

ఆగు, మీ అమ్మ ఏందో అంటుంది. ఆమె అనేది కూడ రాయి.

"అమ్మ, అది అండ్ల లేదు."

"ఏది లేదు?"

"ఇంటున్నవా అన్నది. గొళ్లెం పెట్టుకో అన్నంక సర్రుమనుడే ఉంటది, టేపు అయిపోతది."

"నువ్వు అంపినవు, అంతే. ఇన్నది నేను."

"శుక్రారం శుక్రారం నీ పక్కకే కూసోని ఇన్న గదమ్మ. లేదు."

అది అబద్ధమాడదు. నేను ఆడుతలేను. ఇప్పుడు పెట్టి చూద్దామంటే ఏం పెట్టి చూస్తం?

ఆ గొంతు నాకు ఎరుకే. కొద్దిగ బొంగురు, పనిచేసొచ్చిన గొంతు. ఇన్నప్పుడు నేనేడున్ననో ఆలోచన చేస్తున్న. మా ఊర్ల గాదు. ఇక్కడ్నే, ఈ టేబుల్ పక్కన. తెర మీద గీత సగం కాడ ఉండె. పొద్దుటి పూట. మీ అమ్మ చెవులకు ఏం పెట్టుకోలే, కంప్యూటర్ల చప్పుడు కూడ బందే ఉండె.

అప్పుడు నేను పలుకలే బిడ్డా. బయలెల్లి పోయెటోన్ని ఎనుకకెళ్లి పలకరియ్యొద్దంటరు, పోయే పని చెడుతదని. గీత నిండనియ్యి, చేరినంక పలుకుదామని నోరు మూసుకొని కూసున్న. నిండింది. అంకె వడ్డది, చెరిగింది.

రాయాల్నా వద్దా అని నా మొఖం చూస్తున్నవు. రాయి. మీ అమ్మ లేదన్నదని రాయి. నేను ఊకున్ననని గూడ రాయి.