మలుగు ఎక్కే దారి

లారీ స్టీరింగు వదిలిన నాటి నుంచి మా ఆయన చేతులు ఊరికే ఉండవు. మొదట కోళ్ళు పెంచాడు, కుక్కలు తినిపోయాయి. తర్వాత జామ మొక్కలు నాటాడు, మేకలు తినిపోయాయి. ఆ మీదట మలుగు వెంట పడ్డాడు. దాన్ని ఎవరూ తినిపోయే భయం లేదు, ఎందుకంటే అది మా ఏట్లో లేనే లేదు.

మలుగంటే చేపే, చూడ్డానికి మాత్రం పాము. కనిపిస్తే చాలు, సగం భయంతో, సగం పులుసు మీద ఆశతో కర్ర తీసుకుని బాదేవాళ్ళు. అది సముద్రంలో పుడుతుంది. పిల్లగా ఉన్నప్పుడే మా ఏరు స్వర్ణముఖికి ఎదురెక్కి ఇంతదూరం వస్తుంది. మా మడుగుల్లో ఏళ్ళ తరబడి పెరిగి, గుడ్లు పెట్టే వేళకు మళ్ళీ సముద్రానికే పోతుంది. పుట్టిల్లు అక్కడ, కాపురం ఇక్కడ. నేను ఏర్పేడు పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో, బట్టలుతికే బండల సందులోంచి తల బయటపెట్టి చూసేది. నేను కెవ్వుమంటే మా అత్తగారు నవ్వేది.

కాలవకు నీళ్ళు మళ్ళించే పాత ఆనకట్టను ఎత్తు పెంచి సిమెంటు పూసిన తర్వాత మలుగు రావడం తగ్గింది. కట్ట వల్ల చేలకు నీళ్ళందాయి, కాదనను. మలుగు పిల్లలకు మాత్రం అది నున్నటి గోడ. కింద గుంటలో చేరి, ఎక్కలేక, నీళ్ళు ఇంకిపోతే కొంగల పాలయ్యేవి.

తిరుపతిలో చేపల చదువు చెప్పే ఒకమ్మాయి ఏటి నీళ్ళు పరీక్షించడానికి వచ్చి, మా టిఫిను కొట్లో దోసె తింటూ ఈ సంగతంతా మా ఆయనకు చెప్పింది. మలుగు పిల్ల ఎగరలేదట గానీ, తడిగా, గరుకుగా పట్టు దొరికితే గోడైనా పాకి ఎక్కుతుందట. గోడ మీంచి కిందికి గడ్డితో పేనిన లావు తాడు, అదే వెంటి, వేలాడదీసి, దాని మీద కాస్త నీళ్ళు జారేట్టు చేస్తే చాలట. ఆ పిల్ల దోసె తిని వెళ్ళిపోయింది. మా ఆయనకు మాత్రం నిద్ర పోయింది.

నీటి సంఘం రైతులు ముందు ఒప్పుకోలేదు. వెంటి తడిగా ఉండాలంటే గోడ మీద ఒకచోట నీళ్ళు పారుతూనే ఉండాలి, ఆ నీళ్ళు కాలవకు దక్కవు. మనుషులకే చాలకుంటే చేపలకా అన్నారు. వాళ్ళను తప్పు పట్టలేను, ఎండిన బోరు ముందర కూర్చున్నవాడికే ఆ కడుపుమంట తెలుస్తుంది. మా ఆయన వాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగాడు. చివరికి సంఘం పెద్ద ఒక మాట చెప్పాడు. ఈ ఒక్క పంట కారుకు చూద్దాం. పిల్లలు ఎక్కడం కళ్ళారా చూస్తే వెంట్లు ఉంటాయి. లేకుంటే తీసేసి, నీళ్ళు పొర్లిపోకుండా గోడ పొడుగునా ఇసుక మూటలు పేర్చుకుంటాం, ఇక ఆ ఊసు ఎత్తొద్దు.

ఊరు ఊరంతా వెంట్లు పేనింది. నేనూ పేనాను, పేనుతూ తిడుతూనే ఉన్నాను. కూతురి పెళ్ళికి కూడా ఇంత హడావుడి చెయ్యలేదు ఈ మనిషి. గోడకు కట్టిన వెంట్లు తొలి చినుకులకు నాని నల్లబడ్డాయి, ఊట నీళ్ళకు గోడ పాచి పట్టింది. ఆ పాచిని చూసి మురిసిపోయిన మగాణ్ణి నేను ఈయన్నొక్కణ్ణే చూశాను.

కొండల్లో వానలు పడ్డాయని, ఏరు వస్తుందని కబురు వచ్చినప్పుడు మేమిద్దరం ఆయన కంటి పరీక్ష కోసం తిరుపతిలో ఉన్నాం. తిరిగొచ్చి కట్ట దగ్గరికి పోతే నా కళ్ళే చెదిరిపోయాయి. గోడంతా తెల్లగా సున్నం కొట్టి, ఎర్రమన్ను పట్టీలు తీర్చి ఉంది. పాచి పోగు లేకుండా గీకేశారు. కుళ్ళిపోయాయని వెంట్లు పీకి పారేసి, వాటి చోట పసుపు రాసిన కొత్త నైలాను తాళ్ళు కట్టారు. కట్ట మీంచి కొత్తనీళ్ళు పొంగి మొరవ పారితే గంగమ్మకు సారె పెట్టడం మా ఊరి ఆచారం. ఈసారి గంగమ్మతో పాటు మలుగు పిల్లలు కూడా వస్తున్నాయి కదా అని ఆడవాళ్ళంతా పొద్దస్తమానం పనిచేశారు. ముందు నిలబడి చేయించింది వీధి చివరి పెద్దమ్మ. ఒంటరి మనిషి, ఉన్న ఆస్తల్లా ఒక ఆవు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మెల్లగా ఆమె పక్కన కూర్చుని, సున్నం నీళ్ళల్లో కలిస్తే చేప బతకదని చెప్పాడు. ఆమె ముఖం చూడలేకపోయాను.

"సుట్టాలొస్తా ఉండారంటే ఇల్లు కడిగి సున్నం కొట్టినాము నాయనా. అదీ తప్పేనా?"

"తప్పు కాదు పెద్దమ్మా. మనకు మురికి, వాటికి అదే మెట్లు."

ఆమె లేచి ఇంటికి పోయింది. అలిగిందనుకున్నాం. తన ఆవు కోసం దాచుకున్న వామిలోంచి గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చింది. ఎండాకాలానికి ఆవుకేం పెడతావని అడిగితే, ఆవుకు నోరుండాది, అడుక్కుంటుంది అంది. ఏరు వచ్చేలోపల కొడవళ్ళతో, కొబ్బరి పీచుతో సున్నమంతా గీకి, ఆ పొడి ఏట్లో పడకుండా గోనెపట్టాలు పరిచి ఎత్తాం. నైలాను తాళ్ళు విప్పేసి, బావుల మెట్ల మీది పాచి రాళ్ళు తెచ్చి గోడ వారన పేర్చాం. తిడదామని వెళ్ళిన నేను, పెద్దమ్మ ఎదురుగా కూర్చుని ఆమె పట్టిన కొత్త వెంటి కొసకు మెలి వేస్తున్నాను.

ఏరు వచ్చింది. పొంగింది, తగ్గింది. వెంట్లు నిలిచాయి. మా ఆయన రోజూ తెల్లవారగానే పోయి గోడ కింద గొంతుక్కూర్చునేవాడు. నేను టీ తీసుకుపోయేదాన్ని. ఏముంది అంటే ఏమీ లేదనేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆ మాట కూడా తగ్గిపోయింది. నాకు ఆ మనిషి మీద జాలేసింది, పైకి మాత్రం టీ చల్లారిపోతోందని కసిరాను.

నీళ్ళు సన్నబడ్డాక ఒక మబ్బు పట్టిన ఉదయం సంఘం పెద్ద రైతుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ట్రాక్టరు నిండా ఇసుక మూటలు. అన్న మాట అన్నట్టే వచ్చాడు, అందులో అన్యాయం లేదు. మా ఆయన వెంట్లు విప్పడానికి తనే గోడ దిగి, మొదటి ముడి మీద చెయ్యి వేసి, అట్లాగే ఆగిపోయాడు.

గడ్డి పోగుల మధ్య అగరుబత్తి పుల్లంత నల్లటిది కదిలింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత వెంటి పొడుగునా కదలికే. వేలెడంత పిల్లలు, ఒకదాని మీద ఒకటి, జారుతూ, మళ్ళీ పట్టు దొరకబుచ్చుకుంటూ ఎక్కుతున్నాయి. పైకి చేరిన పిల్ల కట్ట మీది నీళ్ళల్లోకి జారి, తోక ఒకసారి ఆడించి, మాయమైంది. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను.

సంఘం పెద్ద మోకాళ్ళ మీద వంగి చాలాసేపు చూశాడు. అప్పటికే కుర్రాళ్ళు గోడ ఆ కొస నుంచి మూటలు పేర్చుకుంటూ వస్తున్నారు. ఆయన లేచి, తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

"వెంట్లుండే కాడ మూట పెట్టొద్దండప్పా. ఆ సందు ఇడిసిపెట్టండి."

నీళ్ళు పోతాయే అని ఎవరో అన్నారు. పోనీ అన్నాడాయన. కాలవ చిట్టచివర ఉన్నది ఆయన వేరుశనగ చేనే. నీళ్ళు తగ్గితే ముందు ఎండేది అదేనని అక్కడున్న అందరికీ తెలుసు.