పొంగని పూరీల కోసం భూపాలపల్లికి

చిన్నప్పుడు పూరీ అంటే పొంగదనే అనుకునేదాన్ని. మా బాపు భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసేవాడు. షిఫ్టు దిగాక క్యాంటీన్‌లో తనకిచ్చే పూరీలు తినకుండా డబ్బాలో పెట్టుకుని మా కోసం ఇంటికి తెచ్చేవాడు. మేముండే గని క్వార్టర్లలో తండ్రులందరిదీ అదే అలవాటు. పొంగిన పూరీలు డబ్బాలో పట్టవు కదా, అందుకని క్యాంటీన్‌లో వాళ్ల కోసం వేరుగా, పొంగకుండా చదునుగా వేయించేవారు. వాటిని 'ఇంటివి' అనేవారు. ఒకసారి జనగామ దగ్గర పాలకుర్తిలో మా మేనత్త కూతురి పెళ్లికి వెళితే, నా విస్తరిలో గుండ్రంగా ఉబ్బిన పూరీ పడింది. పాడైపోయిందని ఏడ్చి పక్కకు తోసేశాను. పందిరంతా ఒకటే నవ్వు. నాకు నలభై దాటినా, జనగామలో ఆ చుట్టాలు ఎదురుపడితే ఇప్పటికీ "ఏం బిడ్డా, పూరీ పొంగిందా?" అనే పలకరిస్తారు.

మొన్న రజిత ఫోన్ చేసింది. మా పక్క క్వార్టర్ పిల్ల, నాతో పాటు ఆ పూరీలే తిని పెరిగింది. పెళ్లయ్యాక అదే క్యాంటీన్‌లో కాంట్రాక్టరు కింద పూరీలు ఒత్తే పనిలో చేరింది. "సుజా, పూరీల మిషన్ తెచ్చిన్రే. రేపు నడిపి చూస్తరట. మంచిగ నడిస్తే మా నలుగుర్ల ఎనుక చేరిన ఇద్దర్ని తీసేస్తమన్నరు. అండ్ల నేనొకదాన్ని. జర రారాదె, మా చేతివి తిని పోదువు" అంది. నేను మహబూబాబాద్‌లో టైలరింగ్ షాపు నడుపుతాను. కరెంటు మిషన్ మీద బతికే నాకు ఇంకో మిషన్‌ను తిట్టే హక్కు ఎక్కడిది? అయినా మనసు ఊరుకోలేదు. పొద్దున్నే షాపుకు తాళం వేసి బయలుదేరాను.

మహబూబాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు వరంగల్ మీదుగా దారి సులువు. రైల్లో గంట, గంటన్నర పడుతుంది, జనరల్ టికెట్ యాభై రూపాయల లోపే. వరంగల్ స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కితే ముప్పై రూపాయలకు హనుమకొండ బస్టాండులో దింపుతాడు. అక్కడ పరకాల మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్ బస్సు పట్టుకోవాలి, దాదాపు రెండు గంటల ప్రయాణం. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే డబ్బులు లేకుండా జీరో టికెట్ ఇస్తారు. మగవాళ్లు నూటయాభై చేతిలో ఉంచుకోవడం మంచిది. పరకాల దాటాక పత్తి చేల మధ్య బొగ్గు లారీలు ఎదురవడం మొదలవుతుంది. నేను కిటికీ మూయలేదు. ఆ దుమ్ము వాసనకు బాపు చొక్కా గుర్తొచ్చి కళ్లు తడిశాయి.

భూపాలపల్లిలో దిగి గని దగ్గరికి ఆటో మాట్లాడాను. డ్రైవర్ యాభై అడిగాడు. "క్యాంటీన్‌కా అక్కా? ఇయ్యాల మిషన్ పూరీలట. మనిషి ముట్టకుంటనే ప్లేట్ల పడతయట!" అని అతను ఒకటే సంబరపడ్డాడు. నేను ఆటో ఎక్కి కూర్చున్నాను.

క్యాంటీన్‌లో బయటివాళ్లకు రోడ్డు వైపు ఒక కిటికీ ఉంటుంది, ప్లేటు ముప్పై రూపాయలు. రజిత మాత్రం కాంట్రాక్టరు సూపర్‌వైజర్‌ను అడిగి నన్ను లోపలికి తీసుకెళ్లింది. ఉన్నమాట చెప్పాలి, మిషన్ బ్రహ్మాండంగా నడిచింది. ఒకవైపు పిండి వేస్తే ఇంకోవైపు నూనెలోంచి పూరీలు వరసగా, అన్నీ ఒకే కొలతలో, నిండుగా పొంగి వస్తున్నాయి. రజిత తన కుడి భుజం పిసుక్కుంటూ చూస్తూ నిలబడింది. "దానికి రెక్కలు గుంజవు కదనే" అంది.

మధ్యాహ్నం షిఫ్టు దిగింది. బొగ్గు మొహాలతో కార్మికులు డబ్బాలు పట్టుకుని వరస కట్టారు. "రజితక్కా, ఇంటివి కట్టు!" అన్నాడు ముందున్నాయన. డబ్బాలో రెండు పెట్టేసరికే మూత పడలేదు. అతను పిడికిలితో అదిమితే ఆవిరి చురుక్కుమని తగిలింది, పూరీ చిరిగింది. వెనక వరస కదలడం లేదు, బయట వాళ్ల బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది. మిషన్ బిగించడానికి వచ్చిన మెకానిక్ మీటలన్నీ తిప్పి చూశాడు. పూరీలు ఇంకా పొంగాయి. నాకు మాత్రం లోపల పండగే. మిషన్ చేతులెత్తేసింది, రజిత పని నిలబడింది అనుకున్నాను.

రజిత మెకానిక్ దగ్గరికి నడిచింది. "అన్నా, నూనెల ఏసే ముందు గాట్లు పడాలె. మేమైతే గోటితోని నాలుగు పెడతం. ఆవిరంత అండ్లకెళ్లి పోతది, పొంగయి" అని పిండి మీద చేసి చూపించింది.

అతను మిషన్‌తో వచ్చిన పెట్టె వెతికి ముళ్లున్న రోలర్ ఒకటి తీసి బిగించాడు. కాసేపటికి చదునుగా, మెత్తగా ఇంటివి రావడం మొదలైంది. డబ్బాల మూతలు పడ్డాయి. బస్సు వెళ్లిపోయింది. సూపర్‌వైజర్ చేతులు దులుపుకుంటూ, "ఇగ పరేషాన్ లేదు. ఒకటో తారీఖు నుంచి ఇద్దరు సాలు, రజితా" అన్నాడు.

"ఎందుకు చెప్పినవే పిచ్చిదానా?" అని నేను దాని మీద విరుచుకుపడ్డాను. "మరి బస్సు పోతాంటే ఎట్లనే? ఇంటికాడ పిల్లలు డబ్బా కోసం సూస్తాంటరు. మనం సూడలేదా?" అంది.

వద్దన్నా వినకుండా నా కోసం కొన్ని తన చేత్తో ఒత్తి డబ్బాలో పెట్టిచ్చింది. తిరుగు రైల్లో మూత తీశాను. ప్రతి పూరీ మీద నెలవంకల్లాంటి నాలుగు గోటి గుర్తులు, అన్నీ వంకరటింకరగా. ఆ మిషన్ చెడ్డదని నేను అనను. రజిత భుజం ఇక లాగదు, కాని లాగని భుజానికి జీతం రాదు. హాస్టల్ వంటకో, దవాఖాన క్యాంటీన్‌కో అడుగుతానంటోంది. అక్కడికీ ఇలాంటిదే వస్తుందేమో అని నా భయం, దానికి చెప్పలేదు. మా బాపు ఆకలి చంపుకుని తెచ్చిన ఆ డబ్బా వెనక ఎవరో ఒకామె గోళ్లు కూడా ఉన్నాయని ఇన్నేళ్లకు తట్టింది. ఆమె పేరు నేనెప్పుడూ అడగలేదు.

మీరు వెళ్లేట్టయితే ఒక వెడల్పాటి స్టీలు డబ్బా తీసుకెళ్లండి. మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు కాస్త ముందే రోడ్డు వైపు కిటికీ దగ్గర నిలబడి 'ఇంటివి' అని అడగండి. మిషన్‌వే ఇస్తారు, రుచికి లోటుండదు. పూరీ మీద సన్నటి గాట్లు వరసగా కనిపిస్తాయి. వాటిని మిషన్‌కు నేర్పింది రజిత.