గడప కన్నా ఎత్తయిన రోడ్డు

మా ఎదురింటి ఇంజనీరు సారు మొన్న ఆదివారం పోయారు. ఇంట్లోకి వచ్చిన వాననీళ్లను చీపురుతో బయటికి తోస్తూ, నీళ్లలోనే కూలబడ్డారు. గుండె ఆగిందని డాక్టరు అన్నాడు. ఆ రోడ్డే ఆయన్ను పొట్టన పెట్టుకుందని నేనంటాను. ఇప్పుడు నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువగా ఉంది.

సారుది నంద్యాల. బతుకంతా రోడ్ల పనుల్లోనే గడిపి, రిటైరయ్యాక ఆళ్లగడ్డలో మా అంగడికి ఎదురుగా ఇల్లు కట్టుకున్నారు. అప్పట్లో ఆ ఇంట్లోకి మెట్లెక్కి పోవాలి. రోడ్డు పాడైన ప్రతిసారీ పాత తారు గీకి తీయకుండా దాని మీదే కొత్తది పోశారు. రోడ్డు లేస్తూ పోయింది, ఇళ్లు పల్లంలో పడిపోయాయి.

సాయంత్రాలు మా అంగడి బల్ల మీద కూర్చుని ఆ రోడ్డు కథ చెప్పేవారు. మొదట అది కంకర బాటట. పంచాయతీ నుంచి జిల్లా చేతికి, అక్కడినుంచి రాష్ట్రం చేతికి పోయిందట. "చేయి మారినప్పుడల్లా ఒక పొర పడిందప్పా. కింద ఏముందో కొత్తగా వచ్చినోడు చూడడు. గీకితే ఎవడూ మెచ్చుకోడు, పోస్తే ఫొటో వస్తాది" అనేవారు. గీకందే పోయనివ్వనని మొండికేసినందుకే ఆయన్ను ఒకప్పుడు బదిలీ చేసి, ఎక్కడో అడవిలో ఉండే సున్నిపెంటకు తోలేశారు. అది చెప్పి ఆయన నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

పోయినేడు మళ్లీ తారు బండి వచ్చింది. సారు లుంగీ మీదనే వచ్చి రోలరు ముందర నిలబడ్డారు. కూలీలకు మజ్జిగ పోయించారు గానీ, పని చూసే కుర్ర ఇంజనీరును మాత్రం వదల్లేదు.

"ఏందప్పా చేస్తాండావ్? గీకకుండా పోస్తే నీళ్లు యాడికి పోతాయి?"

"గీకమని పైనుంచి ఆర్డరు లేదు సార్. మీకు తెలియంది కాదు."

"తెలుసు కాబట్టే అడుగుతాండా. ఆడుండేవి ఇండ్లు."

ఆ అబ్బాయి సారు కాళ్లకు మొక్కి, మెల్లగా పక్కకు జరిపి, పని కానిచ్చేశాడు. వీళ్ల మర్యాదకేం తక్కువ లేదు.

ఇల్లు ఎత్తు లేపించుకోండి సారూ అని బతిమాలాను. "నేనెందుకు లేపల్ల? వాళ్లు దించల్ల" అన్నారు. అంత మొండి మనిషి. ఆ మొండితనం ఆఫీసుల్లో ఇంకొక్కరికి ఉన్నా, ఈపొద్దు ఇది రాసే పని నాకుండేది కాదు.

ఆఫీసు వాళ్లు పూలదండ తెచ్చారు. బూట్లు తడుస్తాయని లోపలికి దిగలేదు. రోడ్డు మీదే నిలబడి దండ నా చేతికిచ్చారు.

మేం నీళ్లలో నిలబడి పాడెను భుజాల కన్నా పైకెత్తాం. రోడ్డు మీదున్నవాళ్లు వంగి అందుకున్నారు. వెనకనుంచి సారు భార్య అంటోంది, "మెల్లగా నాయనా, రోడ్డు ఎత్తుంది."