పైకప్పులో ఊక

మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే బస్సు నేరేడుచర్ల దాటాక, కోదాడలోని పాత ఇనుము కొట్టతను వీడియో కాల్ చేశాడు. చనిపోయిన మా అన్న కారు ఎక్కడైనా కనిపిస్తే చెప్పమని అతన్ని అడిగి ఉంచాను.

తెర మీద తుప్పు పట్టిన తెల్ల అంబాసిడర్. ఇంజను లేదు, నంబరు ప్లేటు లేదు.

"ఇదేనా మేడం? కాకపోతే ఇప్పుడే కోసేస్తాం."

మేము అమ్మినప్పుడు అది నీలం. రంగు మార్చి ఉండొచ్చు. ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాను.

పక్కసీటు పెద్దమ్మ ఫోన్‌లోకి తొంగిచూసింది. "మీ అన్న దాంట్ల సొంతంగ ఏమన్న చేయించిండా బిడ్డా?"

అప్పుడు గుర్తొచ్చింది. కారు ఎండకు కాగిపోతోందని అన్న మిల్లు నుంచి ఊక తెచ్చి, పైకప్పు రేకుకూ లోపలి గుడ్డకూ మధ్య కూరాడు. ఇంట్లో అందరం నవ్వాం. అదే పెద్దమ్మకు చెప్పాను.

"మరి సప్పుడు చేయక కూసున్నవేంది!" అంటూ ఆమె ఫోన్ లాక్కుంది. "ఓ సేటూ, లోపల పైన గుడ్డ జర చింపు!"

అతను కారులో దూరి గుడ్డ కోశాడు. ఊక జలజలా అతని నెత్తిన పడింది.

"కోయకండి, మాదే!" అని అరిచాను. బస్సంతా ఇటు తిరిగింది.

"మస్తు కూరిండు మీ అన్న," అని పెద్దమ్మ పకపకా నవ్వింది. హుజూర్‌నగర్‌లో దిగిపోయింది. పేరు అడగలేదు.

కారు ఇప్పుడు మా ఇంటి ముందుంది. ఇంజను ఇంకా లేదు. మొన్న మిల్లుకు వెళ్లి బస్తా ఊక తెచ్చాను.